మీవాళ్లు కారులే, చదువు!

ఒక మిత్రుడు నాకో ఇంగ్లీషు నవల ఇచ్చాడు. మంచివాడే. సభల్లో నా పక్కనే కూర్చుంటాడు. రంజాన్‌కి మా ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగిపోతాడు. పుస్తకం చేతిలో పెడుతూ ‘‘భాయ్! ఇందులో టెర్రరిస్టులున్నారు గానీ మీవాళ్లు కారులే, చదువు’’ అన్నాడు. నొప్పించాలని అన్న మాట కాదు. నొప్పించకూడదనే అన్నాడు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

మీవాళ్లట! ఎవరు మావాళ్లు? ఆటో నడిపే మా మామూజాన్ మావాడు. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు అరగదీసుకున్న మా ఖాలా మా మనిషి. పరుపులు కుట్టి ఊరందరినీ మెత్తగా పడుకోబెట్టి తను నేలమీద పడుకునే దూదేకుల సాయిబు మావాడు. ఎక్కడో బాంబు పెట్టినవాడు మావాడెప్పుడయ్యాడు? ఏ మసీదులో కూర్చుని వాణ్ణి మావాడని తీర్మానించాం?

సరే, నవల చదివాను. అద్దె లైబ్రరీ పుస్తకాల్లో డిటెక్టివ్ యుగంధర్‌నీ షాడోనీ చదువుకుంటూ పెరిగినవాణ్ణి, డిటెక్టివ్ కథ చేతికొస్తే వదలను. పేరు ‘లాయల్టీ ఇన్ డెత్’. ప్రేమ నవలలకు పేరుబడ్డ నోరా రాబర్ట్స్, జె.డి. రాబ్ అనే మారుపేరుతో రాసి 1999లో అచ్చేసింది. కథ జరిగేది 2059లో, న్యూయార్క్‌లో. కార్లు గాల్లోకి లేస్తాయి. మరమనుషులు ఇంటిపని చేస్తారు. అసలైన కాఫీ డబ్బున్నవాళ్ల ఇళ్లలోనే దొరుకుతుంది. హత్య కేసులు చూసే లెఫ్టినెంట్ ఈవ్ డల్లాస్‌కి ‘కసాండ్రా’ పేరుతో బెదిరింపులు వస్తాయి. పేరున్న కట్టడాలకు బాంబులు. నగరమంతా హడలిపోతుంది.

ఎవరు వాళ్లు? గుట్టు విప్పుతున్నందుకు డిటెక్టివ్ నవలల పాఠకులు క్షమించాలి. మొగుడి చేతిలో దెబ్బలు తినే ఇల్లాలిగా నటిస్తూ ఒక అమాయకపు వడ్రంగి కుర్రాణ్ణి ప్రేమలోకి లాగిన ఆడమనిషి ఉంది చూశారూ, ఆమెదే ఈ కుట్ర. ‘అపోలో’ అనే ముఠాని నడిపి చనిపోయిన తండ్రికి ఆమె వారసురాలు. అమెరికా మనిషే. డబ్బున్న మనిషే.

ఆమెకో పేరుంది. తండ్రి ఉన్నాడు. ఒక పగ ఉంది. నేరం ఆమెది, ఆమెతో కలిసినవాళ్లది. పుస్తకం మూసేశాక ఏ పాఠకుడైనా ‘ఈ అమెరికావాళ్లే ఇంత’ అంటాడా? ఆమె పుట్టిన మతాన్ని సంజాయిషీ అడుగుతాడా? అడగడు. నవల్లో నేరస్థురాలికి దక్కిన ఆ మర్యాద, నేరం చెయ్యని మాకు దక్కదు. మాలో ఒకడు తప్పు చేస్తే కోట్లమంది తలకాయలు దించుకోవాలి. దించుకోకపోతే ‘మౌనం అర్ధాంగీకారం’ అంటారు. ఖండిస్తే ‘పైకి అంటున్నారులే’ అంటారు.

ఇది కథల్లోని ముచ్చటే కాదు. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా నగరంలో ప్రభుత్వ భవనాన్ని పేల్చేశారు. 168 మంది చచ్చిపోయారు. అందులో 19 మంది పిల్లలు. తొలి గంటల్లోనే టీవీల్లో ‘మధ్యప్రాచ్యం’ అన్న మాట మొదలైంది. జోర్డాన్ మూలాలున్న ఒక అమెరికా పౌరుణ్ణి ప్రయాణం మధ్యలో లండన్‌లో ఆపి వెనక్కి పంపారు. తీరా పేల్చింది టిమోతీ మెక్‌వే. తెల్లవాడు. గల్ఫ్ యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుడు. 2001లో వాడికి మరణశిక్ష అమలుచేశారు. శిక్ష వాడికి పడింది, వాడి కులానికి కాదు. అలాగే ఉండాలి. మేమడిగేదీ అదే.

ఇక నవల్లోని ప్రేమ సంగతి. నన్ను పట్టుకున్నది బాంబులు కాదు, ఈ ప్రేమే. ఈవ్ డల్లాస్ భర్త పేరు రోర్క్. డబ్లిన్ మురికివాడల్లో తండ్రి చేత తన్నులు తిని, దొంగతనాలు చేసి పెరిగి, పెద్ద కోటీశ్వరుడైన ఐరిష్ వాడు. ఈ వరసలో మొదటి నవల ‘నేకెడ్ ఇన్ డెత్’ 1995లో వచ్చింది. అందులో అతనే హత్యకేసులో అనుమానితుడు! ఈవ్ అతన్ని ప్రశ్నిస్తుంది, అనుమానిస్తుంది, ప్రేమిస్తుంది. సాక్ష్యం అతను కాదని తేల్చింది. ఆ తర్వాత అతన్ని పెళ్లాడింది. లక్షలమంది ఆడవాళ్లు అతన్ని కలల రాకుమారుడిగా చదువుకున్నారు.

ఐరిష్ వాడన్న మాట దగ్గర కాసేపు ఆగండి. 1974 నవంబర్ 21న బర్మింగ్‌హామ్‌లో బాంబులు పేలి 21 మంది చచ్చిపోయారు. రోజుల్లోనే బ్రిటన్ టెర్రరిజం నిరోధక చట్టం తెచ్చింది. ఆరుగురు ఐరిష్ మనుషుల్ని పట్టుకుని, కొట్టి, నేరం ఒప్పించి జైల్లో వేశారు. 16 ఏళ్లు గడిచాక, 1991లో, వాళ్ల శిక్ష చెల్లదని కోర్టు వదిలేసింది. ఆ కాలంలో బ్రిటన్‌లో ఐరిష్ యాసే ఒక నేరం. అలాంటి యాస ఉన్నవాడు ఇప్పుడు ప్రేమ నవలకి హీరో! అంటే అనుమానం రక్తంలో పుట్టేది కాదు, రాజ్యం పుట్టించేది. రాజ్యం అవసరం తీరగానే మరో నెత్తికి మారేది.

ఆ నవలలో నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. రోర్క్ దగ్గర ప్రభుత్వానికి తెలియని కంప్యూటర్లున్నాయి. వాటితో ఎవరి వివరాలైనా లాగేస్తాడు. పోలీసు భార్య చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. పాఠకుడు చప్పట్లు కొడతాడు. ఎందుకంటే దోషి ఎవరో రచయిత్రికి ముందే తెలుసు. లాకప్‌లో ఎవరికి తెలుసు? అక్కడ రచయిత్రి ఉండదు. కరెంటు తీగ ఉంటుంది.

మా కథకి రండి. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో మరో 5గురు. చచ్చింది మేం. పట్టుకుపోయిందీ మా పిల్లల్నే! చిత్రహింసలు పెట్టారు. కేసులు నిలబడలేదు. 2012లో ప్రభుత్వం ఆ యువకులకి పరిహారంతోపాటు ప్రవర్తన పత్రాలిచ్చింది. ‘ఇతను మంచివాడు’ అని రాజ్యం సంతకం పెట్టిన కాగితం! మీలో ఎవరికైనా అలాంటి కాగితం అవసరమైందా? ఆ పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు వదిలేసింది. మరి నమాజులో వంగినవాళ్లని చంపిందెవరు? ఆఖరి పేజీలు చింపేసిన డిటెక్టివ్ నవల అది.

అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. 42 మంది చచ్చిపోయారు. 2018లో కోర్టు ఇద్దరికి మరణశిక్ష వేసింది. ఇద్దరూ ముస్లింలే. ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడను. ఆ నెత్తురు చూసి మా అమ్మీ కూడా అన్నం మానేసింది. ఆ నేరం ఆ నేరస్థులది, నాది కాదు. అందుకు నేను క్షమాపణ చెప్పను. దుఃఖపడతాను, మీలాగే, మీతోపాటే.

లౌకిక మిత్రులారా! మమ్మల్ని మంచి ముస్లింలనీ చెడ్డ ముస్లింలనీ విడదీసి, మంచివాళ్ల వరసలో చోటిస్తామనకండి. ఆ వరసలో నిలబడాలన్నా పోలీసు కాగితమే కావాలి. టాడా 1995లో పోయింది. పోటా 2002లో వచ్చి 2004లో పోయింది. 2019లో ఉపా చట్టాన్ని సవరించారు. ఇప్పుడు కోర్టు శిక్ష వెయ్యకుండానే ఒక మనిషిని టెర్రరిస్టుగా ప్రభుత్వం ప్రకటించొచ్చు. సాక్ష్యం ముందా, ముద్ర ముందా? ఈ ప్రశ్న మా కోసమే అడగనక్కర్లేదు. ముద్ర కొట్టే చెయ్యి ఎప్పుడూ ఒకే నెత్తిమీద ఆగదు.

మేం జాలి అడగడం లేదు. ఒక కాలక్షేపం నవల తన హీరోకి ఇచ్చినంత న్యాయం చాలు. అనుమానించండి, ప్రశ్నించండి, సాక్ష్యం చూడండి. కాదని తేలితే వదిలెయ్యండి. తేలిన తర్వాత ఇల్లు అద్దెకివ్వండి, ఉద్యోగమివ్వండి, పిల్లనిచ్చినా సరే!

మొన్న పుస్తకం తిరిగిచ్చాను. ‘‘నచ్చిందా భాయ్?’’ అన్నాడు మిత్రుడు.

‘‘నచ్చింది. కానీ మావాళ్లు లేరని అబద్ధం చెప్పావు.’’

‘‘ఎవరున్నారు?’’

‘‘అందరూ అనుమానించినవాడు. రోర్క్. వాడు మావాడే.’’