పరీక్షకూ ఫలితానికీ మధ్య

గర్భంలో బిడ్డల కదలికకు భయపడిన తల్లి బైబిల్ మొదటి గ్రంథంలోనే మనకు కనిపిస్తుంది. పెళ్లైన ఇరవై ఏళ్లకు గర్భవతి అయిన రిబ్కా, కడుపులో బిడ్డలు పెనుగులాడుతుంటే తట్టుకోలేక, తనకెందుకిలా జరుగుతోందని దేవుణ్ణే అడిగింది (ఆదికాండము 25:22). నీకు విశ్వాసం లేదని దేవుడామెను గద్దించలేదు. ఆమె గర్భంలో ఏముందో వివరించి చెప్పాడు.

మన సంఘాల్లో మాత్రం గర్భస్థ శిశువుకు పరీక్ష చేయించుకున్న స్త్రీకి వేరే జవాబు దొరుకుతోంది. ‘ప్రార్థన చేసుకోక ఈ పరీక్షలెందుకమ్మా?’ అంటారు. తెలుసుకోవాలనుకోవడం అవిశ్వాసమైతే రిబ్కాను ఏమనాలి?

స్కాన్‌లోనో రక్తపరీక్షలోనో అనుమానం కలిగితే డాక్టర్లు ఉమ్మనీటి పరీక్ష గురించి చెబుతారు. సాధారణంగా 15 వారాలు నిండాక, స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో కొద్దిగా ఉమ్మనీరు తీస్తారు. అందులోని శిశువు కణాలను బట్టి డౌన్ సిండ్రోమ్ వంటి సమస్యలను గుర్తిస్తారు. పరీక్ష వల్ల గర్భస్రావమయ్యే ప్రమాదం ఒక శాతం కన్నా తక్కువే. కానీ ఆ కొద్దిమందిలో తానుంటానేమోనన్నదే తల్లి దిగులు. పూర్తి ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

ఆ రోజుల్లో ఆమె చెయ్యి కడుపు మీదే ఉంటుంది. తొలిచూలు తల్లికి కదలిక తెలిసేది చాలావరకు 18–20 వారాలకు, కొందరికి ఇంకా ఆలస్యంగా. కాబట్టి 16వ వారంలో పరీక్ష జరిగాక కదలిక తెలియనంత మాత్రాన బిడ్డకేదో అయిందని కాదు. కొద్దిపాటి నొప్పి, ఒకటి రెండు రక్తపు చుక్కలు సాధారణమే. ఒకటి రెండు రోజులు బరువులెత్తకుండా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. నీరు కారినా, రక్తస్రావమైనా, జ్వరమొచ్చినా, నొప్పి పెరిగినా, అప్పటికే తెలుస్తున్న కదలికలు తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ప్రార్థన కోసమని ఆ ప్రయాణాన్ని ఆపకూడదు. దారిలోనూ ప్రార్థించవచ్చు.

ఎలీసబెతు గర్భంలో శిశువు గంతులు వేసిన సంగతి రాసిన లూకాను పౌలు వైద్యుడని పిలిచాడు. ఆ గంతుల మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. మరియ ఆ ఇంట్లో దాదాపు మూడు నెలలు ఉండిపోయిందన్న మాటను మాత్రం దాటేస్తాం. పరీక్ష చేయించుకున్న తల్లికి కావలసింది అలాంటి తోడే. నీళ్ల బిందె ఎత్తిపెట్టే చెయ్యి, పెద్దబిడ్డకు అన్నం పెట్టే చెయ్యి, రిపోర్టు తెచ్చుకునే రోజు పక్కన కూర్చునే మనిషి.

ఫలితం మంచిదైతే ఆమెతో సాక్ష్యం చెప్పిస్తాం. లోపముందని వస్తే ఆ ఇంటి గడప తొక్కడానికి వెనకాడతాం. పరీక్ష బిడ్డ స్థితిని తెలుపుతుందే గాని మార్చదు. ఆ బిడ్డను కనమని చెప్పే సంఘం, రేపు అదే బిడ్డకు సండేస్కూల్లో చోటు చూపించాలి, తల్లి అలసిపోయిన రోజున ఎత్తుకోవాలి. ఆ బాధ్యత మోయలేని వారికి ఉపదేశం చేసే హక్కు కూడా లేదు.