చురుకైన చిన్నకారునకు డీజిలు తగునా?

2024వ సంవత్సరము జూను మాసమున టాటా మోటార్సువారు తమ ఆల్ట్రోజ్ కారునకు రేసర్ అను వేగప్రియుల రూపమొకదానిని వెలువరించినప్పుడు, దానికి అమర్చినది 120 అశ్వశక్తి గల 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను. అదే కారును 1.5 లీటర్ల డీజిలు ఇంజనుతో గూడ అమ్ముచు, మన దేశమున డీజిలుతో నడచు హ్యాచ్‌బ్యాక్ తమది తప్ప వేఱొకటి మిగులని కాలమున, ఆ సంస్థ తన చేతనున్న ఆ ఇంజనును రేసరునకు ఈయకుండుట ఆలోచింపదగిన విషయము. పదేండ్లకు పూర్వము ఇదే దేశమున మఱియొక సంస్థ డీజిలు ఇంజనుగల చిన్నకారునకు క్రీడాచిహ్నమును తగిలించి అమ్మినది. కొన్నవారు దానిని ప్రాణప్రదముగా చూచుకొనిరి. ఈ మార్పు సముచితమైనదే యని నా అభిప్రాయము. కాని డీజిలు స్వభావముచేతనే మందగమనమనియు, దానికి వేగముతో పొత్తు లేదనియు లోకము సామాన్యముగా చెప్పు కారణము మాత్రము సత్యము కాదు.

ఫ్రాన్సు దేశపు లె మాన్ నగరమున ఏటేట జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 2006లో ఆడీ సంస్థవారి ఆర్10 గెలిచినది. ఆ పందెమున డీజిలు కారు ప్రథమస్థానము నందుట అదియే మొదలు. అది మొదలుకొని 2014 వఱకు, ఒకయేడు పెజో సంస్థకును తక్కిన యేండ్లలో ఆడీకిని దక్కిన విజయము లన్నియు డీజిలువే. హ్యాచ్‌బ్యాక్ ఆకృతికి మఱింత సమీపమైన దృష్టాంతము కావలెనన్నను కలదు: 2008, 2009 సంవత్సరములలో ప్రపంచ టూరింగ్‌కార్ల పోటీలలో విజేతలైన ఇవాన్ ముల్లర్, గాబ్రియేలే తార్క్వీనీలు నడపినవి సీట్ లియోన్ డీజిలు కార్లే. కనుక డీజిలును వేగము పేరిట నిరాకరించువారు చరిత్రను చూడనివారు.

వీథులలో తిరుగు కార్ల మాటకు వచ్చినచో, చురుకైన చిన్నకార్ల జాతికి మూలపురుషుడని చెప్పదగినది 1976లో జర్మనీలో వెలువడిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జి.టి.ఐ. అది 110 అశ్వశక్తి గల పెట్రోలు కారు. ఆఱేండ్లకు, 1982లో, అదే దేహమున టర్బో డీజిలును చొప్పించి జి.టి.డి. అను తమ్ముని గూడ ఆ సంస్థవారు నిలిపిరి. కాని దాని శక్తి 70 మాత్రమే. ఆ వాలకముగల కారునకు నిజమైన బలము చేకూరినది 2003లో స్కోడా సంస్థ ఫాబియా వి.ఆర్.ఎస్. అనుదానిని తెచ్చినప్పుడు. ఆ చిన్నకారునకు పెట్రోలు ఇంజనే లేదు, 1.9 లీటర్ల డీజిలు ఒక్కటే, 130 అశ్వశక్తి, 310 న్యూటన్ మీటర్ల టార్కు. బ్రిటనులో బొగ్గుపులుసు వాయువు పరిమాణమునుబట్టి వాహనపు పన్నును నిర్ణయించు పద్ధతి 2001లో అమలులోనికి వచ్చియుండుటచే, తక్కువ ఇంధనముతో నడచు ఆ కారు యజమానికి పన్నును, చమురు ఖర్చును రెండింటిని తగ్గించినది. అయినను ఆ కారుయొక్క రెండవ తరము 2010లో వచ్చినప్పుడు స్కోడావారు డీజిలును విడిచి, 180 అశ్వశక్తి గల 1.4 లీటర్ల పెట్రోలును ఎన్నుకొనిరి.

కారణము ఆ రెండు ఇంజనుల పుట్టుకలోనే కలదు. పెట్రోలు ఇంజనున ఇంధనము గాలితో కలిసి, పది పదునొకండు వంతుల మేరకు నొక్కబడి, ప్లగ్గునుండి వచ్చు నిప్పురవ్వతో అంటుకొనును. రుడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు ఆగ్స్‌బర్గు నగరమున 1897లో నడపి చూపిన యంత్రమున ఆ రవ్వకు స్థానము లేదు. గాలిని మాత్రమే అంతకంటె బహుగాఢముగా నొక్కి, ఆ ఒత్తిడిచేతనే తీవ్రముగా వేడెక్కిన గాలిలోనికి నూనెను చిమ్మగా, అది తనంత తానుగా మండును. ఆ ఒత్తిడిని భరింపవలెను గనుక డీజిలు ఇంజనుయొక్క దిమ్మె, క్రాంకు, పిస్టనులు అన్నియు దిట్టముగా నుండవలెను, దిట్టమైనది బరువైనది. నూనె చిమ్ముటకును, గాలితో కలియుటకును, మండుటకును కొంత వ్యవధి కావలెను గనుక నిమిషమునకు నాలుగువేల ఐదువందలు, ఐదువేల చుట్లకు మించి ఆ యంత్రము ఉత్సాహముగా తిరుగజాలదు. పెట్రోలు ఇంజను ఆఱువేలు దాటియు పాడుచుండును. టార్కును చుట్ల వేగముతో గుణించినదే శక్తి యగుటచే, చుట్లు తక్కువైన డీజిలు తన లోటును టార్కుతో పూడ్చుకొనును. మన యొంగోలు గిత్త బండలాగుడు పందెమున చూపు బలము అసామాన్యమే. కాని దానిని గుఱ్ఱపు పందెమునకు ఎవ్వరును తోలుకొనిపోరు.

చిన్నకారు నడపుటలోని ఆనందము గరిష్ఠవేగమున లేదు, నూఱు కిలోమీటర్లకు చేరుటకు పట్టిన క్షణములలోను లేదు. మలుపునకు ముందు గేరు తగ్గించి, ఇంజను గొంతు హెచ్చుచుండగా మలుపు తిరిగి, కాలు నొక్కినంత నొక్కినట్లు శక్తి క్రమముగా పెరుగుచు వచ్చుటలో ఉన్నది. డీజిలున ఆ పెరుగుదల ఒక్క తోపుగా వచ్చును. పదునైదువందల చుట్లు దాటగానే టర్బో అందుకొని వెన్ను సీటునకు అంటునట్లు తోయును. నాలుగువేలకు చేరులోపల ఆ యుత్సాహము చల్లారును. అరకు కనుమదారి వంటి మెలికల బాటలో రెండు మలుపుల నడుమ, సరిగ్గా కావలసిన చోటనే, గేరు మార్చవలసివచ్చును. దీనికితోడు ఈ జాతి కార్లు చాలవఱకు ముందుచక్రములతో నడచునవి. ఆ చక్రములపై అప్పటికే భారము మిక్కుటము. బరువైన ఇంజను ఆ మూతిపైననే కూర్చొనుటచే, స్టీరింగు తిప్పినను కారు తిన్నగా పోజూచు గుణము పెరుగును. ఈ దోషమును గట్టి స్ప్రింగులతో కొంత కప్పిపుచ్చవచ్చును గాని, గతుకుల రోడ్లపై దాని మూల్యమును నడుములు చెల్లించును.

ఈ వాదమునకు మన దేశమే చక్కని ప్రయోగశాల యైనది. పుణె సమీపమున చాకన్‌లో తయారగుచుండిన ఫోక్స్‌వాగన్ పోలోకు 2013లో జి.టి. అను పేరుతో రెండు రూపములు వచ్చినవి. ఒకటి 1.2 లీటర్ల టర్బో పెట్రోలు, రెండవది 1.6 లీటర్ల డీజిలు. దేహ మొక్కటే, శక్తి యొక్కటే: రెండింటికిని 105 అశ్వశక్తి. ముఖ్యభేదము టార్కునందు, పెట్రోలునకు 175, డీజిలునకు 250 న్యూటన్ మీటర్లు. విజయవాడనుండి సూర్యాపేట మీదుగా హైదరాబాదునకు వారము వారము వచ్చిపోవువారికి ఆ డీజిలు కారు నిస్సందేహముగా వరమైనది; నాలుగవ గేరునుండి దిగకయే లారీని దాటించు ఆ పికప్పును, ఒకసారి ట్యాంకు నింపిన వందలకొలది కిలోమీటర్లు పోగల ఆ పొదుపును నేను తక్కువచేయను. ఒకే కారు వారమంతయు ఉద్యోగమునకును ఆదివారము ఉల్లాసమునకును పనికివచ్చుట మధ్యతరగతి కుటుంబమునకు చిన్న విషయము కాదు. కాని అది దూరప్రయాణపు సుగుణము. మలుపులను ప్రేమించువాడు పెట్రోలు జి.టి.నే ఎన్నుకొనెను.

ఇక ఆ పొదుపులో ఇంజను ఘనత యెంత, ప్రభుత్వ ధరల ఘనత యెంత? 2010లో పెట్రోలు ధరను ప్రభుత్వము విడిచి డీజిలు ధరను తన చేతనే నిలుపుకొనుటచే, 2012 మే మాసమున ఢిల్లీలో రెండింటి నడుమ అంతరము లీటరునకు ముప్పది రూపాయలు మించినది. దేశమున అమ్ముడైన కార్లలో సగమునకు పైగా డీజిలువే యైనది ఆ రోజులలోనే. 2013 జనవరినుండి నెలకు అర్ధరూపాయ చొప్పున పెంచుచు, 2014 అక్టోబరున డీజిలు ధరనుగూడ స్వేచ్ఛగా విడువగా ఆ యాకర్షణ కరగజొచ్చినది; 2020 జూనున ఢిల్లీలో డీజిలు ధర పెట్రోలు ధరను మించినది. మైలేజి లెక్కలోను ఒక భ్రమ కలదు. డీజిలు లీటరునందు ఇంధనసత్త్వము పెట్రోలుకంటె పదవవంతునకు పైగా హెచ్చు. మండినప్పుడు వెలువడు బొగ్గుపులుసు వాయువును ఇంచుమించు 2.6 కిలోలు, పెట్రోలునకు 2.3 కిలోలు. లీటరునకు ఇన్ని కిలోమీటర్లని రెండింటిని పోల్చునప్పుడు ఈ భేదమును తీసివేయక తప్పదు. తీసివేసిన పిమ్మటను డీజిలుదే పైచేయి; కాని ప్రచారమున కనిపించినంత పైచేయి కాదు.

పొగ విషయమున డీజిలు పక్షమున వాదించుట మఱింత కష్టము. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనమండలి 2012 జూనులో డీజిలు పొగను మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల వర్గమున చేర్చినది. ఆ కాలపు భారత్ స్టేజ్-4 నియమము పెట్రోలు కారునకు కిలోమీటరునకు 0.08 గ్రాముల నత్రజని ఆక్సైడులను అనుమతింపగా, డీజిలు కారునకు 0.25 గ్రాములు అనుమతించినది. అనగా ఒకే శక్తిగల ఆ రెండు జి.టి.లలో ఒకదానికి చట్టమే మూడింతల విషమును మన్నించినది. యూరపు, అమెరికాలలో డీజిలు పొగకు విధించిన పరిమితులను ఫోక్స్‌వాగన్ సంస్థ మోసముతో దాటిన వృత్తాంతము 2015 సెప్టెంబరులో బయల్పడినది. మన దేశమునను ఆ మోసమున చిక్కిన కుటుంబపు ఇంజనులు గల మూడు లక్షలకు పైగా కార్లను సరిచేయుటకు వెనుకకు పిలుచుచున్నట్లు ఆ సంస్థ అదే డిసెంబరున ప్రకటించినది, ఇచ్చటి నియమములను ఉల్లంఘింపలేదని చెప్పుచునే.

2020 ఏప్రిలున వచ్చిన భారత్ స్టేజ్-6 డీజిలు పరిమితిని 0.08కి దించినది. అందుకు కావలసిన మసివడపోత, నత్రజని శుద్ధి పరికరములు పెద్దకారునకును చిన్నకారునకును ఇంచుమించు ఒకే ఖర్చు. ఇరువది లక్షల కారున అది కలిసిపోవును, ఎనిమిది లక్షల కారున మోపెడగును. మారుతీ సంస్థ డీజిలును విడుచుచున్నట్లు 2019 ఏప్రిలులోనే ప్రకటించుటకు ఇదియే హేతువు. అంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి. ఆ మసివడపోతలో చేరిన మసి కాలిపోవుటకు పొగ చాలసేపు మిక్కిలి వేడిగా నుండవలెను, అనగా కారు హైవేపై ఎడతెగక పరుగెత్తవలెను. అమీర్‌పేటనుండి హైటెక్ సిటీకి క్లచ్చు తొక్కుచు ప్రాకు చిన్నకారునకు ఆ యవకాశ మెక్కడ? వడపోత మూసికొనిపోవును, డాష్‌బోర్డుపై దీపము వెలుగును, సర్వీసు సెంటరున బిల్లు పెరుగును. చిన్నకారు నగరము కొఱకు పుట్టినది. నవీన డీజిలు నగరమున ఇమడలేదు.

ఇంత జరిగినను మన పన్నుల చట్టము మాత్రము పాతదారిననే నడచుచున్నది. 2025 సెప్టెంబరు 22నుండి అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. మార్పుల ప్రకారము, నాలుగు మీటర్లకు మించని కారునకు పెట్రోలు ఇంజను 1200 సి.సి. లోపల నున్నను, డీజిలు ఇంజను 1500 సి.సి. లోపల నున్నను 18 శాతము పన్ను. మించినచో 40 శాతము. పోలో జి.టి.లో 1598 సి.సి. డీజిలు స్థానమున 1498 సి.సి. ఇంజను ఆ పిమ్మట వచ్చుట ఇట్టి గీతల ప్రభావమే. ఈనాడు ఒక సంస్థ 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుతో శుభ్రమైన చురుకైన చిన్నకారును చేయదలచినచో రెండింతలకు మించిన పన్నును మోయవలెను. అదే పరిమాణపు డీజిలునకు రాయితీ. ఈ మూడువందల సి.సి.ల పక్షపాతమునకు ఒకప్పుడు ఉండిన కారణములు నేడు లేవు. సిలిండరు కొలతను విడిచి, గొట్టమునుండి వెలువడు వాయువుల కొలతనుబట్టి పన్ను వేయవలసినదిగా జి.ఎస్.టి. మండలిని కార్ల తయారీదారులే గాక, ఆ గాలిని పీల్చు నగరవాసులును కోరవలెను.