దుగ్గిరాల పసుపులోని పదార్థం.. ప్రింటర్‌లో తయారైన ఎముక! బోన్ క్యాన్సర్‌కి నిజంగా పనిచేస్తుందా?

పసుపు తింటే క్యాన్సర్ పోతుందంటూ వీడియోలు మీ ఫోన్‌కి వచ్చే ఉంటాయి. చాలావాటిలో పస ఉండదు. కానీ పసుపుకీ, ఎముక క్యాన్సర్‌కీ సంబంధించిన ఒక పరిశోధన మాత్రం నిజంగానే జరిగింది. గుంటూరు జిల్లా దుగ్గిరాల యార్డులో బస్తాలకొద్దీ అమ్ముడయ్యే పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని 3డీ ప్రింటర్‌లో చేసిన ఎముక ముక్కలో నింపి, క్యాన్సర్ కణాలపై పరీక్షించారు. అసలు అందులో ఏం తేలింది? మన దగ్గర మోకాలి నొప్పితో బాధపడే పిల్లాడికి దానివల్ల ఇప్పుడు ఒరిగేదేంటి? వివరంగా చూద్దాం.

ఎవరు చేశారు? ఏం తేలింది?

అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో భారత సంతతి ప్రొఫెసర్ సుస్మితా బోస్ టీమ్ చాలా ఏళ్లుగా దీనిపై పనిచేస్తోంది. కాల్షియం ఫాస్ఫేట్ పొడిని ప్రింటర్‌తో పొరలు పొరలుగా పేర్చి, ఎముక లాంటి ముక్కను తయారు చేస్తారు. తర్వాత కుండను ఆవంలో కాల్చినట్టు, వెయ్యి డిగ్రీలకు పైగా వేడిలో కాలుస్తారు. అలా వచ్చిన గట్టి ముక్కలో మందు నింపుతారు.

2019లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చిన వీళ్ల పరిశోధనలో కర్క్యుమిన్ వాడారు. అది ఎముక క్యాన్సర్ కణాలను దెబ్బతీసింది. మామూలు ఎముక కణాలను మాత్రం పెరగనిచ్చింది. తర్వాత ఇదే టీమ్ సోయాబీన్‌లోని పదార్థాలతోనూ ప్రయత్నించింది. 11 రోజుల్లో క్యాన్సర్ కణాల మనుగడ 90 శాతం తగ్గినట్టు గుర్తించింది. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. క్యాన్సర్ కణాలు తగ్గాయన్న ఈ ఫలితాలు ల్యాబ్‌లో పెంచిన కణాలపై వచ్చినవి. పేషెంట్ల మీద వచ్చినవి కావు.

ఇంతకీ స్కాఫోల్డ్ అంటే ఏంటి?

బిల్డింగ్ కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడటానికి కర్రలతో పరంజా కడతారు కదా, ఇదీ అలాంటిదే. ముక్క నిండా సన్నని రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. వాటిలోకి రక్తనాళాలు, ఎముక కణాలు పాకుతూ వెళ్తాయి. కొత్త ఎముక పెరిగేకొద్దీ పరంజా మెల్లగా కరిగిపోతుంది. చివరికి అక్కడ మన సొంత ఎముకే మిగలాలి. లక్ష్యం అది.

మరి పసుపు ఎందుకు కలిపారు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎముక క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసినప్పుడు గడ్డతో పాటు చుట్టూ ఉన్న మంచి ఎముకనీ కొంత తీసేయాలి. దాంతో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపాలంటే ఎముక పెరగాలి. కానీ ఎముకను వేగంగా పెంచే కొన్ని మందులు, అక్కడ మిగిలిపోయిన క్యాన్సర్ కణాలనూ రెచ్చగొట్టే ప్రమాదం ఉంది. అందుకే క్యాన్సర్ ఉన్న చోట డాక్టర్లు అలాంటి మందుల జోలికి వెళ్లరు. క్యాన్సర్ కణాన్ని ఆపాలి, ఎముక కణాన్ని పెంచాలి. ఈ రెండూ ఒకేసారి చేసే పదార్థం కోసం వెతుకుతూ సైంటిస్టులు కర్క్యుమిన్ దగ్గరికి వచ్చారు.

అలాగని చెంచాలకొద్దీ పసుపు తింటే సరిపోతుందా? సరిపోదు. పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతమే. అది నీళ్లలో సరిగ్గా కరగదు. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ, వెళ్లిందీ త్వరగా బయటికి పోతుంది. ఈ ఇబ్బంది వల్లే దాన్ని సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి, నేరుగా ఎముక ఖాళీలోనే విడుదలయ్యేలా డిజైన్ చేశారు. కూరలో వేసే పసుపుకి ఆ పని చేతకాదు.

ఇప్పుడు ఆస్పత్రిలో ఏం దొరుకుతుంది?

మందు నింపిన ఈ స్కాఫోల్డ్ క్యాన్సర్ పేషెంట్లకు వాడే దశకు రాలేదు. ఇంకో సమస్య కూడా ఉంది. కాల్షియం ఫాస్ఫేట్ ముక్క పింగాణీలా పెళుసు. మనిషి బరువంతా మోసే మోకాలి దగ్గర అది ఒక్కటే నిలబడలేదు.

ఇప్పుడు వాడుకలో ఉన్నవి వేరు. కాలు తీసేయకుండా, గడ్డ ఉన్న భాగాన్ని తీసి లోహపు కీలు అమర్చే ఆపరేషన్‌ని లింబ్ సాల్వేజ్ అంటారు. పేషెంట్ కొలతలకు తగ్గట్టు టైటానియంతో ప్రింట్ చేసిన ఇంప్లాంట్లూ వచ్చాయి. 2014లో చైనాలోని బీజింగ్‌లో, ఎముక క్యాన్సర్ వచ్చిన 12 ఏళ్ల అబ్బాయికి మెడలో ప్రింట్ చేసిన వెన్నుపూస అమర్చారు.

ల్యాబ్ నుంచి బెడ్ దాకా రావడానికి ఎంత టైమ్ పడుతుందో చెప్పే కథ మన తెలుగువాడిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ కంపెనీలో నడిపించిన పరిశోధనల నుంచే 1940ల్లో మెథోట్రెక్సేట్ వచ్చింది. ఎముక క్యాన్సర్‌కి అదే మందును భారీ డోసుల్లో ఇవ్వడం మొదలైంది 1970ల్లో. అంతకుముందు ఆపరేషన్ ఒక్కటే దిక్కు. ఐదుగురిలో నలుగురు దక్కేవాళ్లు కాదు. కీమో వచ్చాక, వేరే చోటికి పాకని దశలో పట్టుకుంటే దాదాపు మూడింట రెండొంతుల మంది బతుకుతున్నారు. ఊపిరితిత్తులకు పాకితే మాత్రం ఆ అవకాశం బాగా పడిపోతుంది.

మన ఊళ్లలో అసలు ప్రమాదం ఏంటి?

ప్రింటర్ లేకపోవడం కంటే పెద్ద ప్రమాదం, ఆలస్యం. పిల్లల్లో, టీనేజర్లలో ఎక్కువగా కనిపించే ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమా. ఎత్తు పెరిగే వయసులో, ఎక్కువగా మోకాలి చుట్టూనే వస్తుంది. పత్తి చేలోనో, మిరప కోతలోనో, కబడ్డీ ఆడుతూనో దెబ్బ తగిలిందనుకుంటాం. నూనె రాసి మర్దన చేయిస్తాం, కట్టు కట్టిస్తాం. తగ్గిందో లేదో చూద్దామంటూ నెలలు గడిపేస్తాం. గడ్డ ఉన్న చోట మర్దన అస్సలు చేయించకూడదు.

ఈ లక్షణాలు ఉంటే లేట్ చేయొద్దు:

* రెండు, మూడు వారాలు దాటినా తగ్గని నొప్పి
* రాత్రిళ్లు నిద్ర లేపేంత నొప్పి
* ఒకవైపే వాపు, గట్టిగా తగిలే గడ్డ
* చిన్న దెబ్బకే ఎముక విరగడం

మొదటి పరీక్ష మామూలు ఎక్స్‌రేనే. అందులో అనుమానం వస్తే ఎమ్మారై, ఆ తర్వాత బయాప్సీ. బయాప్సీని ఎక్కడపడితే అక్కడ చేయించొద్దు. తర్వాత ఆపరేషన్ చేసే టీమే చేయాలి. సూది తప్పు దారిలో దిగితే కాలు నిలబెట్టుకునే ఛాన్స్ పోవచ్చు.

గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో ట్రస్ట్ సాయంతో కట్టిన క్యాన్సర్ సెంటర్ ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. లోపల అమర్చే లోహపు కీలు ఖర్చు ఎంతవరకు వస్తుందో మాత్రం ఆస్పత్రిలోని హెల్ప్ డెస్క్‌లో ముందే అడగండి. ఇల్లు, పొలం తాకట్టు పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న అది.

పసుపు స్కాఫోల్డ్ రేపు మన ఆస్పత్రులకు రావచ్చు. వస్తే దాని లాభం మొదట దక్కేది గడ్డ చిన్నగా ఉన్నప్పుడే డాక్టర్ దగ్గరికి చేరిన పిల్లలకే. అందుకే పిల్లాడు రోజూ రాత్రి మోకాలు నొప్పి అంటుంటే, ఈ వారమే ఒక ఎక్స్‌రే తీయించండి.