లారీని కాటా ఎక్కించే హక్కు ఎవరిది?

బళ్లారి, సండూరు, హోస్పేట దారుల్లో ఖనిజం లారీని ఆపడానికి చాలా చేతులే లేస్తాయి. పోలీసు, టోల్‌గేటు సిబ్బంది, రవాణా శాఖ సార్లు... ఎవరు చెయ్యెత్తినా డ్రైవర్ బ్రేకు వేస్తాడు. కానీ బరువు తూయించే అధికారం అందరికీ లేదు.

మోటారు వాహనాల చట్టం (1988) 114వ సెక్షన్ ప్రకారం ఆ పని రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన రవాణా శాఖ అధికారిది. కాటా ముందు దారికి 10 కిలోమీటర్లలోపు గానీ, సరుకు చేరాల్సిన చోటికి 20 కిలోమీటర్లలోపు గానీ ఉండాలి. బరువు మించితే దించమని రాతపూర్వకంగా ఆదేశించాలి. నోటి మాట చెల్లదు.

2019 సవరణ ఈ గీతను కాస్త చెరిపింది. ఇప్పుడు ప్రభుత్వం అధికారమిచ్చిన ‘ఏ వ్యక్తి’ అయినా ఆ పని చేయొచ్చు. రేపు కాంట్రాక్టు మనిషి కూడా కావచ్చన్నమాట! తూచడం వరకైతే ఫర్వాలేదు, నడుస్తున్న లారీని తూచే యంత్రాలే వచ్చాయి. దించమని ఆదేశించే సంతకం మాత్రం ప్రభుత్వానికి జవాబు చెప్పే ఉద్యోగిదే కావాలి.

ఎందుకంటే అసలు కిటుకంతా దించడంలోనే ఉంది. జరిమానా కట్టించుకుని అదే బరువుతో లారీని పంపడం కుదరదని సుప్రీంకోర్టు 2005లోనే పరమ్‌జీత్ భాసిన్ కేసులో చెప్పింది. దించకుండా వదిలితే అది జరిమానా కాదు, ఓవర్‌లోడ్‌కు టిక్కెట్టు. యాక్సిల్ మీద భారం రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ దాదాపు 16 రెట్లని ఇంజనీర్ల లెక్క. 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపేదాకా ఈ దారులు ఎలా గుంతలు పడ్డాయో బళ్లారి వాసులకు వేరే చెప్పాలా?

2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు మరో 2 వేలు. ఆపి తూయించడానికి ఒప్పుకోకపోతే 40 వేలు. ఈ భారం డ్రైవర్ నెత్తినే పడుతోంది. లోడు నింపించింది అతనా? బండి నడిపినవారే కాదు, నడిపించినవారూ బాధ్యులేనని చట్టం అంటోంది. యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్‌లో ఉంది. కేసు రాసేటప్పుడు ఆ సెక్షన్ ఎవరికీ గుర్తుకు రాదెందుకో.

ఇక్కడ స్టీరింగు పట్టేవారిలో కన్నడ చదవలేని తెలుగువాళ్లు ఎందరో. కాటా దగ్గర ఏ హోదా అధికారికి తూయించే హక్కుందో, ఏ కాగితం ఇవ్వాలో కన్నడంతోపాటు తెలుగులోనూ బోర్డు పెట్టించడం జిల్లా యంత్రాంగానికి ఒక్కరోజు పని.