పదహారవ రోజున మందెవరిస్తారు?

ఏటా మృగశిర కార్తె దగ్గరపడే రోజులలో న్యూఢిల్లీ స్టేషనులో తెలంగాణా ఎక్స్‌ప్రెస్ ఎక్కే ప్రయాణికులలో ఒక ప్రత్యేక వర్గం కనిపిస్తుంది. ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్‌ల నుంచి వచ్చిన వీరికి హైదరాబాదులో బంధువులు లేరు, వ్యాపారాలూ లేవు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచిపెట్టే చేప ప్రసాదం కోసం వెళ్లే ఉబ్బసం రోగులు వీరు. 2023 జూన్‌లో నేను అదే రైలులో ప్రయాణం చేస్తుండగా, ఘజియాబాదులో ఆటో నడుపుకునే ఒక గృహస్థు పదేళ్ల కుమార్తెతో ఎదుటి బెర్తు మీద కూర్చున్నాడు. శాకాహారులకు చేపకు బదులు బెల్లంలో మందు పెట్టి ఇస్తారని తెలుసుకుని బయలుదేరానన్నాడు.

మాటల మధ్యలో అతడు ఒక ప్లాస్టిక్ సంచి విప్పి మూడు డిశ్చార్జి కాగితాలు నా చేతిలో పెట్టాడు. మూడు శీతకాలాలు, మూడుసార్లు ఆసుపత్రి. "బాబూజీ, మంచం ఎక్కించినప్పుడు పైసా అడగలేదు. కార్డు చూపితే చాలన్నారు. ఖర్చంతా ఇంటికి వచ్చిన తరువాతనే" అన్నాడు. ఆసుపత్రివారు ఇచ్చిన ఇన్‌హేలర్ అయిపోయింది. మరొకటి కొనలేదు. అది అలవాటైతే ఇక వదలదని, ఆడపిల్లకు పెళ్లి కావడం కష్టమని ఇరుగుపొరుగువారు చెప్పారట. మందు ఎలా పీల్చేదానవని నేను అమ్మాయిని అడిగితే, నోరు తెరచి అల్లంత దూరం నుంచి అత్తరు చల్లుకున్నట్లు చేసి చూపింది. అలా పీలిస్తే మందు నాలుకకు, గొంతుకు అంటుకోవడమే తప్ప ఊపిరితిత్తులకు చేరేది స్వల్పం. మూడుసార్లు ఆసుపత్రిలో ఉన్న పిల్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు!

చేప ప్రసాదపు గుణదోషాలను విచారించడం ఈ వారం నా ఉద్దేశం కాదు. దానికి శాస్త్రీయమైన రుజువు లేదని జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. అయినా జనం వెళుతూనే ఉన్నారు. వారిని మూఢులని కొట్టిపారేయడం తేలిక. ఉచిత వైద్యపు కార్డు జేబులో ఉన్న మనిషి పదహారువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం ఎందుకు ప్రయాణం చేయవలసి వచ్చిందన్నదే పాలకులు ఆలోచించవలసిన ప్రశ్న.

2019 నాటి ప్రపంచ వ్యాధిభార అధ్యయనం ప్రకారం భారతదేశంలో ఉబ్బసం రోగులు సుమారు మూడున్నర కోట్ల మంది. ప్రపంచంలోని రోగులలో ఇది దాదాపు 13 శాతం. కాని ఉబ్బసంతో ప్రపంచంలో సంభవించే మరణాలలో 40 శాతానికి పైగా మన దేశంలోనే జరుగుతున్నాయి. రోగులలో మన వాటా ఒకటి, చావులలో మన వాటా దానికి మూడురెట్లు! ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరాన్ని గాలి మీదకో, వంశపారంపర్యం మీదకో నెట్టివేయడానికి వీలులేదు. అది ప్రధానంగా చికిత్స అందకపోవడం వల్ల ఏర్పడిన అంతరం.

ఉబ్బసం పూర్తిగా నయమయ్యే జబ్బు కాకపోవచ్చును గాని, అదుపులో ఉండే జబ్బు. శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉండడం దీనికి మూలం. పొగో, దుమ్మో, జలుబో సోకినప్పుడు నాళాలు ముడుచుకుని, పిల్లికూతలు, ఆయాసం పుట్టుకొస్తాయి. మందులు రెండు రకాలు. సాల్బుటమాల్ వంటివి ముడుచుకున్న నాళాలను అప్పటికప్పుడు వదులు చేస్తాయి. బ్యుడెసొనైడ్, బెక్లోమెథసోన్ వంటి పీల్చే స్టీరాయిడ్లు అసలు వాపును తగ్గిస్తాయి. మొదటిది మంటను ఆర్పే నీరు, రెండవది మంట పుట్టకుండా చేసే జాగ్రత్త. మొదటిదాని మీదనే ఆధారపడడం క్షేమం కాదని, ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలను రూపొందించే 'జీనా' సంస్థ 2019లో స్పష్టం చేసింది. మన దేశంలో జబ్బు ఉన్నదని తెలిసినవారిలో సైతం ఈ రెండవ మందును రోజూ వాడేవారు పదిమందిలో ఒకరు కూడా లేరని సర్వేలు చెబుతున్నాయి. జబ్బు ఉన్నదనే తెలియనివారి సంఖ్య అంతకంటె పెద్దది.

పీల్చే మందు ఘాటైనదని, మాత్ర మెత్తనిదని మన ఇళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. వాస్తవం తలక్రిందులుగా ఉన్నది. సాల్బుటమాల్ మాత్ర ఒకటి నాలుగు మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ నుంచి ఒకసారి వెలువడే మందు వంద మైక్రోగ్రాములు, అంటే అందులో నలభయ్యవ వంతు. మాత్ర ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరవలసి ఉండగా, పీల్చిన మందు నేరుగా అక్కడికే పోతుంది. ఈ మాట చెప్పడానికి పెద్ద డాక్టరు అక్కరలేదు. పది నిమిషాల ఓపిక ఉన్న నర్సు చాలు.

ఇప్పుడు ప్రభుత్వపు డబ్బు ఎటు పోతున్నదో చూద్దాము. 2018 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ బీమా పథకం పేద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. చేరడానికి ముందు మూడు రోజుల ఖర్చును, ఇంటికి పంపిన తరువాత పదిహేను రోజుల మందులను సైతం భరిస్తుంది. శస్త్రచికిత్సకు ఈ లెక్క సరిపోవచ్చును. ఉబ్బసం రోగికి అసలు చికిత్స మొదలు కావలసినది పదహారవ రోజున. సరిగ్గా ఆ రోజునే పథకం చేయి వదిలివేస్తుంది. తిరిగి పట్టుకునేది మరుసటి పోటు వచ్చి, మళ్లీ మంచం ఎక్కినప్పుడే. కొద్దిపాటి ఖర్చుతో నెల గడిచే మందుకు దారి లేదు. అంతకు ఎన్నోరెట్లు ఖర్చయ్యే మంచానికి రాచబాట ఉన్నది.

తెలుగువారికి ఈ చరిత్ర కొత్తది కాదు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ, గుండె జబ్బులవంటి పెద్ద రోగాలలో పేదలను కార్పొరేట్ ఆసుపత్రుల గడప దాటించింది. ఆ మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే గ్రామంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బలపడకుండా ఆసుపత్రి బిల్లు చెల్లించడం ఒక్కటే ఆరోగ్య విధానం కాజాలదని ఆనాడే కొందరు హెచ్చరించారు. ఢిల్లీ గద్దె ఆ పథకపు మార్గాన్ని అనుసరించింది గాని, ఆ హెచ్చరికను చెవిని పెట్టలేదు. ఆరోగ్యానికి కేటాయించే వనరులలో మూడింట రెండువంతులు ప్రాథమిక వైద్యానికే చెందాలని, 2025 నాటికి ప్రభుత్వ వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో రెండున్నర శాతానికి చేరాలని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం ఘనంగా ప్రకటించింది. లక్ష్యం నెరవేరకుండానే గడువు దాటిపోయింది.

వేరే దారి లేదా అంటే, ఉన్నది. ఫిన్లాండు 1994 నుంచి 2004 వరకు పదేళ్లపాటు జాతీయ ఉబ్బస కార్యక్రమం నడిపింది. ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరును, ఒక నర్సును ఇందుకు బాధ్యులను చేశారు. మందుల దుకాణాలవారికీ శిక్షణ ఇచ్చారు. జబ్బును ఆదిలోనే గుర్తించి, ఏ లక్షణానికి ఏ మందు ఎంత తీసుకోవాలో రోగికే నేర్పారు. 1993లో 1,10,000గా ఉన్న ఆసుపత్రి దినాలు 2003 నాటికి 51,000కు తగ్గాయి. రోగుల సంఖ్య పెరిగినా, ఒక్కొక్క రోగిపై అయ్యే ఖర్చు మూడోవంతుకు పైగా తగ్గింది.

ఫిన్లాండు సంపన్న దేశం, జనాభా మన ఒక పెద్ద నగరమంత లేదు, దానితో మనకు పోలికేమిటని అడగవచ్చును. ఆ అడగడంలో న్యాయం ఉన్నది. అందుచేత బ్రెజిల్‌ను చూద్దాము. అక్కడి ఈశాన్య భాగంలో పేదరికం దండిగా ఉన్న సాల్వడార్ నగరంలో 2003లో ఒక కార్యక్రమం మొదలైంది. తీవ్రమైన ఉబ్బసం ఉన్నవారిని వెదికి పట్టుకుని, పీల్చే మందులను ఉచితంగా ఇచ్చి, వాడకం నేర్పి, తప్పకుండా తిరిగి పిలిపించారు. మూడేళ్లలో నగరంలో ఉబ్బసంతో ఆసుపత్రిలో చేరేవారు నాలుగోవంతుకు దిగిపోయారు. 2012 నుంచి బ్రెజిల్ ప్రభుత్వం ఉబ్బసం మందులను దేశమంతటా ఉచితంగా ఇవ్వనారంభించింది.

మన దేశంలో ఇందుకు కావలసిన సామగ్రి లేకపోలేదు. 2022 నాటి జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఈ మందులున్నాయి. ప్రపంచానికి ఇన్‌హేలర్లు ఎగుమతి చేసే కంపెనీలు మన గడ్డ మీదనే ఉన్నాయి. 2005 నుంచి గ్రామగ్రామాన ఆశా కార్యకర్తలున్నారు. వారు ఇంటింటా నింపే పత్రంలో ఆయాసం గురించిన ప్రశ్న కూడా ఉన్నది. అయితే ఆ పత్రం ముప్పై ఏళ్లు దాటినవారికే. పిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన ముప్పై లోపాలలో ఈ శ్వాసనాళ వ్యాధీ ఒకటి. అనగా ప్రశ్న అడిగేవారున్నారు, జాబితాలో పేరున్నది. జవాబు విన్న తరువాత ఏమి చేయాలన్న దగ్గరనే తాడు తెగిపోతున్నది. మందు జాబితాలో ఉండడం వేరు, ఆరోగ్య కేంద్రపు బీరువాలో ఉండడం వేరు.

క్షయకు మనం ఈ పని చేశాము. 1997లో ఆరంభించి 2006 నాటికి దేశమంతటా విస్తరింపజేసిన డాట్స్ విధానంలో ప్రతి రోగికి ఒక పేరు, ఒక కార్డు, మందు అందించే ఒక మనిషి ఉండేవారు. ఉబ్బసానికి అంతకంటె తక్కువ చాలు: ఆసుపత్రి నుంచి బయటపడిన ప్రతి రోగి పేరు వారంలోగా వారి ఊరి ఆరోగ్య కేంద్రానికి చేరాలి, అక్కడ ఉచితంగా పీల్చే మందు దొరకాలి, ఒక నర్సు వాడకం నేర్పాలి. పిల్లలకు మందు సరిగా అందించే గొట్టం కొనలేమన్న సాకు కూడా పనికిరాదు. అర లీటరు శీతలపానీయపు ప్లాస్టిక్ సీసాను కత్తిరించి వాడితే పని జరుగుతుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లోనే రుజువు చేశారు. ఇప్పటికే చాకిరీతో నలిగిపోతున్న ఆశా కార్యకర్తల నెత్తిన మరో మూట పెట్టడం అన్యాయమన్న అభ్యంతరం సమంజసమే. అందుకు తగిన వేతనం, మనుషులు సమకూర్చడానికే బీమా పద్దులో ఆదా అయ్యే సొమ్ము ఉపయోగపడాలి.

రాజధానిలో ఏ నవంబరు వచ్చినా చర్చ గాలి చుట్టూ తిరుగుతుంది. అది తిరగవలసిందే. 2024 నవంబరులో ఢిల్లీలోను, సరిహద్దు అవతల లాహోరులోను బడులు మూసివేయవలసి వచ్చింది. పొగకు పాస్‌పోర్టు అక్కరలేదు. గాలి కాలుష్యం ఒక్కటే కారణంగా ఇంతమంది మరణించారని తేల్చే నిర్ధారిత సమాచారం లేదని పార్లమెంటులో పలుమార్లు జవాబిచ్చిన ప్రభుత్వాన్ని నిలదీయవలసిందే. కాని పంజాబు పొలాల మంటలు ఆరి, లక్షల వాహనాల పొగ తగ్గి, ఆకాశం తేటపడడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోపల పిల్లలు పీల్చవలసినది ఈ గాలినే. గాలిని శుభ్రం చేయమని అడిగే గొంతు, మందు అందించమని అడిగే గొంతు ఒకదానికొకటి పోటీ కావు.

నాంపల్లిలో దిగేటప్పుడు ఆ ఆటో డ్రైవరుకు నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి, పీల్చే మందు మానవద్దన్నాను. "మీరు చెప్పినంత సేపు మాతో ఎవరూ మాట్లాడలేదు, బాబూజీ" అన్నాడు. నేను డాక్టరును కాను, పత్రికా విలేఖరిని. దేశపు ఆరోగ్య వ్యవస్థ చెప్పవలసిన మాట రైలు పెట్టెలో విలేఖరి నోట వినవలసి రావడం ఆ కుటుంబపు దురదృష్టం. బడ్జెట్టు సమావేశాలలో మన సభ్యులు లేచినప్పుడు ఎన్ని మంచాలు, ఎన్ని కోట్లు అని అడగడం పరిపాటి. మూడున్నర కోట్ల మంది తరపున ఈసారి ఒక్క ప్రశ్న వేస్తే చాలు: పదహారవ రోజున మందెవరిస్తారు?