పెద్దల మరుపు, మందుల అన్వేషణ, కంప్యూటర్

భోజనం ముగించి చేయి కడుక్కున్న దాదీ అరగంట తిరక్కుండానే ‘నాకు అన్నం ఎందుకు పెట్టలేదు?’ అని కోడలిని నిలదీస్తుంది. ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఇంటి గడప మీదే నిలబడి నానా ‘మన ఇంటికి పోదాం పదండి’ అని పట్టుబడతారు. ఇటువంటివాటిని వయసు తెచ్చిన చాదస్తమని సరిపెట్టుకోవడం మన కుటుంబాలలో పరిపాటి. కాని ఇది చాదస్తం కాదు. మెదడు కణాలు క్రమంగా నశించే వ్యాధికి ఇది లక్షణం కావచ్చు. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ మరణించిన ఒక రోగి మెదడును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అందులో పేరుకొన్న మలినాలను, కణాల లోపలి చిక్కుముడులను లోకానికి చూపించాడు. మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అంటే ప్రతి వంద మంది వృద్ధులలో ఏడుగురికి పైగానే.

ఇటీవల టీవీలలోను, ఫోన్లకు వచ్చే వీడియోలలోను మరొక మాట గట్టిగా వినబడుతోంది. కృత్రిమ మేధ సకల రోగాలకూ మందు కనిపెట్టేస్తోందని, ఇక కొద్ది రోజులు ఆగితే చాలని ఆ మాట సారాంశం. ఇంట్లో రోగి ఉన్నవారికి అది వినగానే ప్రాణం లేచి వస్తుంది. అందువల్ల ఇందులో జరిగినదెంతో, జరగవలసినదెంతో విడదీసి చూడడం అవసరమని భావిస్తున్నాము.

ముందుగా మందు పనిచేసే తీరును తెలుసుకుందాము. శరీరంలోని పనులలో అధిక భాగం ప్రోటీన్ల ద్వారా సాగుతుంది. ప్రతి ప్రోటీను ఒక పొడవైన గొలుసు. అది మడతలు పడి ఒక ఆకారం దాల్చినప్పుడు మధ్యలో గుంటలు ఏర్పడతాయి. మందులోని చిన్న అణువు తాళంలో తాళంచెవిలా ఆ గుంటలో ఇమిడి, ప్రోటీను పనిని ఆపుతుంది, లేదా మారుస్తుంది. తాళం ఆకారం తెలిస్తే చెవిని తయారుచేయడం తేలిక. ఈ ఆకారాల శాస్త్రానికి పునాది వేసినవారిలో మన దేశీయుడు జి.ఎన్. రామచంద్రన్ ఒకరు. ప్రోటీను గొలుసు ఏ కోణాలలో వంగగలదో, ఏ కోణాలలో వంగజాలదో ఆయన 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో తన సహచరులతో కలిసి లెక్కగట్టి ఒక పటంగా గీశారు. ప్రోటీను నమూనా సరైనదో కాదో తేల్చడానికి శాస్త్రవేత్తలు నేటికీ ఆ పటాన్నే సరిచూసుకుంటారు.

ఇక మతిమరుపు మందు సంగతి. జ్ఞాపకశక్తికి తోడ్పడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆల్జీమర్స్ రోగులలో తగ్గిపోతుంది. దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుంటే ఉన్న రసాయనమైనా కొంతకాలం నిలుస్తుంది. నేడు మన వైద్యులు విరివిగా రాసే డోనెపెజిల్ ఈ విధంగానే పనిచేస్తుంది. జపాన్‌లోని ఏసాయ్ సంస్థ పరిశోధకులకు దాని మూలరూపం వేరొక జబ్బు కోసం తయారుచేసిన పదార్థాలలో అనుకోకుండా దొరికింది. ఆ తరువాత వారు వందలాది సమ్మేళనాలను తయారుచేసి ఒక్కొక్కటిగా పరీక్షించారు. 1996లో ఆ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. ఆ ఎంజైము రూపం 1991లోనే తెలిసింది. విద్యుత్తు పుట్టించే ఒక సముద్రపు చేప నుండి దానిని తీసి ఎక్స్‌కిరణాలతో పరీక్షించగా, లోపల సన్నని లోతైన లోయ ఉన్నదని తేలింది. డోనెపెజిల్ ఆ లోయ పొడవునా ఎలా పరుచుకుంటుందో 1999లో కనబడింది. అంటే ఇక్కడ చెవి ముందు దొరికింది, అది తాళంలో ఇమిడే తీరు తరువాత తెలిసింది.

ఈ వరుసను తిరగవేయడమే కంప్యూటర్ చేస్తున్న పని. 1982లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఇర్విన్ కుంట్జ్ బృందం, అణువును ప్రోటీను గుంటలో తెర మీదనే అమర్చి చూసే పద్ధతిని ప్రకటించింది. మందుకు పనికిరాగల చిన్న అణువుల సంఖ్య ఒకటి పక్కన 60 సున్నాలు పెట్టినంత ఉండవచ్చని ఒక అంచనా. వాటన్నిటినీ ప్రయోగశాలలో చేసి చూడడం అసాధ్యం. కంప్యూటర్ కోట్లాది అణువులను జల్లెడ పట్టి, ఆశాజనకమైన కొన్ని వందలను మాత్రం మిగులుస్తుంది. మెదడు జబ్బుల విషయంలో మరొక జల్లెడ కూడా అవసరం. రక్తనాళాల గోడలు మెదడుకు కాపలా కాస్తూ చాలా మందులను లోనికి రానివ్వవు. ఏ అణువు ఆ కాపలాను దాటగలదో ముందే అంచనా వేయడం కూడా ఈ లెక్కలలో భాగమే.

ఈ మార్గంలో నిజమైన ఫలితాలు వచ్చాయి. ఎయిడ్స్ వైరస్ ఎంజైము ఆకారం 1989లో తెలియగా, దానిని అడ్డుకునే మొదటి మందుకు 1995లో అనుమతి లభించింది. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ కోవిడ్ రోగులకు ఉపకరించవచ్చని 2020 ఫిబ్రవరిలో కృత్రిమ మేధ సాయంతో ఊహించారు. రోగులపై జరిపిన పరీక్షలలో ఆ ఊహ నిజమని తేలింది. ఆల్ఫాఫోల్డ్ అనే వ్యవస్థ 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలను అంచనా వేసి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. దాని రూపకర్తలైన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అయితే ఆల్జీమర్స్ ఎందుకు లొంగలేదు? దీనికి వెరుబెసెస్టాట్ అనే మందు కథే సమాధానం. మెదడులో అమిలాయిడ్ అనే మలినం తయారీకి తోడ్పడే ఎంజైము ఆకారాన్ని బట్టి, ఎంతో నేర్పుతో ఆ అణువును రూపొందించారు. తాళంలో చెవి చక్కగా ఇమిడింది. రోగులలో అమిలాయిడ్ తయారీ కూడా బాగా తగ్గింది. కాని జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. 2017లో ఒక పరీక్షను, 2018లో రెండవదానిని ఆపివేశారు. రెండవ పరీక్షలో మందు తీసుకున్నవారి స్థితి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే కొంత అధ్వానంగా ఉన్నట్లు కూడా వెల్లడైంది. ఈ తాళానికి ఏ చెవి సరిపోతుందని అడిగితే కంప్యూటర్ చెప్పగలదు. తెరవవలసిన తలుపు ఇదేనా అన్న ప్రశ్నకు జవాబు రోగి శరీరంలోనే దొరుకుతుంది. పైగా పార్కిన్సన్స్‌లో పేరుకొనే ఆల్ఫా సైన్యూక్లిన్, ఆల్జీమర్స్‌లో చిక్కుపడే టౌ అనే ప్రోటీన్లకు ఆరోగ్యస్థితిలో స్థిరమైన ఆకారమే లేదు. నిమిషానికొక రూపు దాల్చే తాళానికి చెవి చేయడం నేటి యంత్రాలకు కూడా కష్టసాధ్యమే.

ఈ వివేకం కొత్తది కాదు. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ వైద్య గ్రంథంలో ఔషధాలను పరీక్షించడానికి నియమాలను పొందుపరిచాడు. జంతువుపై పనిచేసినది మనిషిపై అలాగే పనిచేస్తుందని నమ్మరాదని, ఫలితం ఒక్కసారి కాక పదే పదే కనబడాలని వాటి భావం. పరికరాలు మారినా ఆ నియమాలకు కాలం చెల్లలేదు.

ఇక మన ఇళ్ల సంగతి చూద్దాము. పెద్దలలో మరుపు కనబడగానే ముందుగా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు కూడా మరుపు తెస్తాయి. వీటిని గుర్తిస్తే చాలావరకు సరిచేయవచ్చు. డోనెపెజిల్ జబ్బును నయం చేయదు. కొందరిలో లక్షణాలను కొంతకాలం తేలికపరుస్తుంది. వీడియోలో ఏదో కొత్త మందు వస్తోందన్నారని దానిని అర్ధంతరంగా ఆపరాదు. 2023లో, 2024లో అమెరికాలో అనుమతి పొందిన లెకానెమాబ్, డొనానెమాబ్ ఇంజెక్షన్లు కూడా తొలిదశ రోగులలో క్షీణతను కొంత నెమ్మదింపజేసేవే. వాటితో మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉన్నది. పార్కిన్సన్స్ రోగులు మరొక సంగతి గమనించాలి. దూలగొండి గింజలలో లెవోడోపా సహజంగానే ఉన్న మాట నిజం. కాని ఏ పొడిలో ఎంత ఉన్నదో తెలియదు. మాత్రలతోపాటు దానిని సొంతంగా వాడితే మోతాదు మించిపోతుంది.

కొత్త మందు పరీక్షలో చేరమని ఎవరైనా కోరితే భయపడి పారిపోనక్కరలేదు, తొందరపడి సంతకం చేయనూ రాదు. ఆ పరీక్ష జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా, అంగీకార పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉన్నదా, హాని జరిగితే చికిత్స ఎవరు చేయిస్తారు అని అడగండి. పరీక్షలోని మందుకు డబ్బు కట్టమంటే అక్కడే అనుమానించండి.

రక్తపోటును, చక్కెరను అదుపులో ఉంచడం, వినికిడి తగ్గితే యంత్రం పెట్టించడం, పెద్దలను ఒంటరిగా వదలకుండా నలుగురిలో కూర్చోబెట్టడం డిమెన్షియా ముప్పును తగ్గించగలవని పరిశోధకులు చెబుతున్నారు. వీటికి కంప్యూటర్ కోసం ఎదురుచూడవలసిన పని లేదు. దాదీ అన్నం పెట్టలేదని అన్నప్పుడు ‘ఇప్పుడే తిన్నావు కదా’ అని వాదించి లాభం లేదు. ఆమె మెదడులో ఆ భోజనం నమోదే కాలేదు. రెండు ఖర్జూరాలో, ఒక పండు ముక్కో చేతికిచ్చి, పక్కన కూర్చుని మాట మార్చండి. ఆ పని కోడలు ఒక్కతే రాత్రింబవళ్లు చేయవలసి రాకుండా కొడుకులు, కూతుళ్లు వంతులు వేసుకోవాలి.