సంపాదకురాలి కుర్చీ ఎవరికి?

అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్లలో ఉంటూ కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే అమ్మాయిలెందరో. పుస్తక ప్రచురణ నేర్చుకోవాలనుకునే దళిత, ఆదివాసీ, ముస్లిం అమ్మాయికి దారేది?

గోగు శ్యామల సంపాదకత్వంలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2003లో తెచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చింది. ఎంపిక చేసేదెవరన్నదాన్ని బట్టే ఏ గొంతు అచ్చవుతుందో తేలుతుంది.

అలాంటి సంపాదకులు మరెందరో రావాలంటే ఫీజు మాఫీ ఒక్కటే చాలదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితమైంది. హాస్టల్ అద్దె కాలేదు. జీతం లేని శిక్షణ కలిగినవాళ్లకే అందుతుంది.

ప్రచురణకర్తలు ఏడాదిపాటు నెలనెలా భత్యమివ్వాలి. ప్రూఫులు దిద్దించుకుని పంపేయకుండా రచనల ఎంపిక, ఒప్పందాలు, ధర నిర్ణయం నేర్పాలి. మన సంఘాలూ తమ బడ్జెట్లలో ఈ పద్దు చేర్చాలి. ఇది దయ కాదు, హక్కు.